లోతు కన్నా ముందు నిలకడ

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా, పాండేసరా వైపు వెళ్తే తెలుగు మాట చెవిన పడటం వింతేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. హజీరా పరిశ్రమల్లో పనిచేసే ఇంజినీర్లు, ఎస్‌వీఎన్‌ఐటీ ఇంజినీరింగ్ విద్యాసంస్థలో చదివే విద్యార్థులు వీరికి తోడు. ఈ తరంలో సెలవు దొరికితే గోవాకో, మహారాష్ట్రలోని మాల్వణ్‌కో, కర్ణాటకలోని మురుడేశ్వర్‌కో, డబ్బు కూడితే అండమాన్‌కో వెళ్లి స్కూబా డైవింగ్ చేయాలనుకునేవారు ఉన్నారు. శిక్షకుడు పట్టుకుని కాసేపు తిప్పి తెచ్చే తొలి అనుభవంతో కొందరు తృప్తిపడతారు. మరికొందరు మూడు నాలుగు రోజులు కేటాయించి ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసి కార్డు తెచ్చుకుంటారు. అసలు ప్రశ్న ఆ తర్వాతే మొదలవుతుంది. కార్డు వచ్చిన సాయంత్రమే ‘ఇంకో రెండు రోజులుంటే అడ్వాన్స్‌డ్ కూడా అయిపోతుంది’ అన్న మాట వినబడుతుంది. ఒప్పుకోవాలా, ఆగాలా? ఇప్పటిదాకా నేర్చుకున్న పనులు ఆలోచించకుండానే చేతికి రావాలి. తర్వాతి కోర్సు లేకపోతే చేయలేని డైవ్ ఒకటి నిజంగా ఎదురుగా ఉండాలి. ఈ రెండూ కలిసిన రోజే పై శిక్షణకు సరైన రోజు అన్నది ఈ వ్యాసం వాదన.

ఈ సూత్రం ఏ ఊరి డైవర్‌కైనా వర్తిస్తుంది కానీ సూరత్ వాసికి మరీ ముఖ్యం. కారణం ఆ ఊరి సముద్రమే. డుమస్ తీరంలో నిలబడితే ఎదురుగా ఉండేది ఖంభాత్ సింధుశాఖ. సాబర్మతి, మహి, నర్మద, తాపీ మోసుకొచ్చే ఒండ్రంతా అందులోకే చేరుతుంది. లోపలికి పోను పోను ఇరుకయ్యే ఆ జలభాగంలో పోటు నీరు ఎత్తుకు లేస్తుంది. భావనగర్ వైపు పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. ఆ పోటును నమ్ముకునే అలంగ్‌లో పాత ఓడలను ఒడ్డెక్కించి విడగొడతారు. అంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చిపోయే చోట ప్రవాహం ఎంత బలంగా ఉంటుందో, అడుగు బురద ఎంతగా లేస్తుందో ఊహించవచ్చు. అలాంటి నీటిలో వినోద డైవింగ్ సాగదు. కాబట్టి సూరత్ డైవర్‌కు ఆదివారం పూట తన ఊరి సముద్రంలో సాధన చేసుకునే వీలు లేదు. పైగా పశ్చిమ తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానాకాలమంతా డైవింగ్ ఆగిపోతుంది. ఎంత ఉత్సాహం ఉన్నా ఏడాదికి ఒకటి రెండు యాత్రలు, నడుమ నెలల తరబడి విరామం. మాస్క్‌లోకి వచ్చిన నీటిని ముక్కుతో ఊది పంపడం, నోటి నుంచి జారిన, గాలి అందించే రెగ్యులేటర్‌ను వెతికి పట్టుకోవడం ఎలాగో విరామం తర్వాత కూడా గుర్తుంటుంది. ఆ క్షణంలో చేయి మాత్రం తడబడుతుంది. ఆ తడబాటు పోకముందే మరో కోర్సు నెత్తికెత్తుకుంటే పాతదీ కుదరదు, కొత్తదీ నిలవదు.

కార్డు దేన్ని ధ్రువీకరిస్తుందో ముందు సరిగ్గా తెలుసుకోవాలి. 1966లో అమెరికాలో మొదలైన ప్యాడీ సంస్థ ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డుతో తోటి డైవర్‌ను వెంటబెట్టుకుని 18 మీటర్ల దాకా దిగవచ్చు. ఆ కోర్సులో సముద్రంలో చేయాల్సిన డైవ్‌లు నాలుగు. తర్వాతి మెట్టయిన అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్‌లో ఐదు డైవ్‌లు ఉంటాయి. వాటిలో లోతు డైవ్, దిక్సూచితో దారి కనుక్కునే డైవ్ తప్పనిసరి. అది పూర్తయితే 30 మీటర్ల దాకా వెళ్లవచ్చు. ఈ రెండు కోర్సుల మధ్య ఇన్ని డైవ్‌లు చేసి ఉండాలన్న నిబంధన లేదు. అంటే మొత్తం తొమ్మిది డైవ్‌లతోనే ఒకరి చేతికి ‘అడ్వాన్స్‌డ్’ కార్డు రావచ్చు. మరో పెద్ద సంస్థ ఎస్‌ఎస్‌ఐ అదే పేరుతో గుర్తింపు ఇవ్వాలంటే నాలుగు ప్రత్యేక కోర్సులు, 24 డైవ్‌లు పూర్తిచేసి ఉండాలి. పేరు ఒకటే అయినా వెనకున్న అనుభవం వేరు. అంతమాత్రాన ఏదో ఒక సంస్థ తప్పు చేస్తోందని అనుకోనక్కర్లేదు. శిక్షకుడి పక్కన ఉండి కొత్త రకం డైవ్‌లను పరిచయం చేసుకోవడానికి ప్యాడీ ఆ కోర్సును రూపొందించింది. పరిచయాన్ని ప్రావీణ్యమనుకోవడంలోనే చిక్కంతా ఉంది. పైగా ఆ కార్డుకు గడువంటూ లేదు. ఐదేళ్లుగా నీటి మొహం చూడని మనిషి కార్డు మీద కూడా 30 మీటర్ల అర్హత అలాగే ఉంటుంది.

18 మీటర్లకూ 30 మీటర్లకూ పన్నెండు మీటర్లే కదా తేడా అనిపించవచ్చు. లెక్క వేసి చూడాలి. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం కలుస్తుంది. పైన ఒకటి ఉంటే పది మీటర్ల దగ్గర రెండు, ముప్పై దగ్గర నాలుగు. సిలిండర్‌లో గాలి ఖర్చు కూడా అదే లెక్కన పెరుగుతుంది. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ దాకా నింపితే 2,200 లీటర్ల గాలి ఉంటుంది. చివరి 50 బార్ ముట్టుకోకుండా దాచుకుంటే వాడుకోదగ్గది 1,650 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది 18 మీటర్ల దగ్గర 29 నిమిషాలు వస్తుంది, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు. కంగారులో 30 లీటర్లు పీల్చేవారికి ఆ లోతులో 14 నిమిషాలే. ఇప్పుడు ఆపద లెక్క చూద్దాం. తోటి డైవర్ గాలి అయిపోయింది. ఇద్దరూ ఒకే సిలిండర్ నుంచి, భయంతో చెరో 30 లీటర్ల చొప్పున పీలుస్తూ పైకి రావాలి. అడుగున సర్దుకోవడానికి ఒక నిమిషం, ఆపైన నిమిషానికి 9 మీటర్ల వేగంతో ప్రయాణం. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే జాగ్రత్తను వదిలేసినా 18 మీటర్ల నుంచి పైకి రావడానికి దాదాపు 36 బార్ కావాలి. 30 మీటర్ల నుంచి దాదాపు 67 బార్ కావాలి. అలవాటుగా దాచుకున్న 50 బార్ మొదటి సందర్భంలో ఇద్దరినీ కాపాడుతుంది, రెండో సందర్భంలో చాలదు. లోతులో ఒంట్లో చేరే నైట్రోజన్ లెక్కా ఇలాగే బిగుసుకుంటుంది. ప్యాడీ పట్టిక ప్రకారం ఒక డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాల దాకా ఉండవచ్చు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే. ఆ లోతులో నైట్రోజన్ మత్తు కొందరి ఆలోచనను మందగింపజేస్తుంది కూడా. పై నీటిలో చెల్లిపోయే పొరపాటు అక్కడ చెల్లదు.

ప్రమాదాల చరిత్ర ఈ లెక్కలను బలపరుస్తోంది. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 దాకా నమోదైన 947 వినోద డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏ సంఘటనతో ప్రమాదం మొదలైందో తేల్చగలిగిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. ఎక్కడో చిక్కుకుపోవడం 20 శాతం, పరికరాల ఇబ్బంది 15 శాతం. ఆ తర్వాత పరిస్థితిని ప్రాణాంతకం చేసినవాటిలో అత్యవసరంగా పైకి దూసుకురావడం ఒక్కటే 55 శాతం. ఈ అంకెల్లో గమనించాల్సిన విషయం ఒకటుంది. గాలి మీటరు చూసుకోవడం, నెమ్మదిగా పైకి రావడం పెద్ద కోర్సుల్లో నేర్పే రహస్యాలేమీ కావు. మొదటి కోర్సు మొదటి పాఠాలు. మొదటి పాఠాలు అవసరమైన క్షణంలో చేతికి అందకపోతే తర్వాతి కార్డులేవీ ఆ లోటును పూడ్చలేవు. అదే పరిశీలనలో నాలుగో వంతుకు పైగా మరణాలు గుండెకు సంబంధించినవి. కాబట్టి నలభై దాటినవారు తర్వాతి కోర్సు కన్నా ముందు డాక్టరును కలిసి, వైద్య ప్రశ్నావళిలో ఏదీ దాచకుండా నింపడం మేలు.

మరి పాత పాఠాలు చేతికి వచ్చాయో లేదో ఎలా తెలుస్తుంది? డైవ్‌ల సంఖ్య ఒక సూచన మాత్రమే. ఒకరికి పన్నెండు డైవ్‌ల్లో వచ్చింది మరొకరికి ముప్పైకి రావచ్చు. ఇంతకన్నా నమ్మదగిన పరీక్షలు నీటిలోనే ఉన్నాయి. ఐదు మీటర్ల దగ్గర తాడు పట్టుకోకుండా, కాళ్లు ఆడించకుండా మూడు నిమిషాలు ఒకేచోట నిలబడగలగాలి. బోయన్సీ అని డైవర్లు పిలిచే ఈ నిలకడే అన్నిటికీ పునాది. అలా నిలబడి ఉండగానే, లోతు మారకుండా మాస్క్‌లో నీటిని ఖాళీ చేయగలగాలి. మీటరు చూడకముందే సిలిండర్‌లో ఎంత మిగిలిందో చెప్పి, చూస్తే ఇంచుమించు అంతే ఉండాలి. తన పరికరాలు తానే కూర్చుకోవాలి, తోటివారి పరికరాలు కూడా చూసి తప్పు పట్టగలగాలి. సముద్రం బాగోలేదనిపిస్తే పడవలో అందరి ముందూ ‘నేను ఈరోజు దిగను’ అనగలగాలి. సూరత్ పవర్‌లూమ్ షెడ్డులో తెగిన పోగును అతకడం చేతికి వచ్చిన తర్వాతే కార్మికుడు పక్క మగ్గాల మీద కూడా కన్నేయగలుగుతాడు; ముడి దగ్గరే చూపంతా ఆగిపోతే రెండో మగ్గం చూసుకోలేడు. డైవర్ మనసుకూ ఇదే వర్తిస్తుంది. తేలకుండా మునగకుండా ఉండటానికే ధ్యాసంతా ఖర్చవుతుంటే లోతు, ప్రవాహం, దిక్కు, తోడు మనిషి మీద పెట్టడానికి ఏమీ మిగలదు.

రెండో షరతు అవసరం. దీనికి గుజరాత్ తీరంలోనే మంచి ఉదాహరణలున్నాయి. 1980లలో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు నాయకత్వాన గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ద్వారక తీరంలో నీటి అడుగు తవ్వకాలు మొదలుపెట్టింది. 2001లో భారత పురావస్తు శాఖ నీటి అడుగు పురావస్తు విభాగాన్ని ఏర్పాటు చేసింది. 2025 ఫిబ్రవరిలో అలోక్ త్రిపాఠీ నాయకత్వంలో ఆ శాఖ డైవర్లు మళ్లీ ద్వారక దగ్గర దిగారు. అక్కడ చూడాల్సిన రాతి నిర్మాణాలు ఎక్కువగా తక్కువ లోతుల్లోనే ఉన్నాయి. 30 మీటర్ల అర్హత ఉన్నంత మాత్రాన అక్కడ పనికిరారు. అలల ఊపులో నిలకడగా ఉంటూ, ఇసుక లేపకుండా, రాయి కొలతలు తీసి నమోదు చేయగలిగినవారే కావాలి. పని ఏమిటో తెలిస్తే ఏ శిక్షణ కావాలో అదే చెబుతుంది. ఖంభాత్ సింధుశాఖ దీనికి భిన్నమైన పాఠం చెబుతోంది. అక్కడ సముద్రం అడుగున మానవ నివాస ఆనవాళ్లు దొరికాయని 2001లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సర్వే ఆధారంగా ప్రకటన వెలువడింది. బలమైన ప్రవాహాలు, కలక నీటి మధ్య ఆ సర్వే సోనార్ మీద, పడవ నుంచి అడుగును గోకి తెచ్చిన నమూనాల మీద ఆధారపడింది. ఏ వస్తువు ఏ పొరలో ఉండేదో తెలియకుండా చరిత్ర చెప్పలేమని పురావస్తు నిపుణులు అభ్యంతరం చెప్పారు. కొన్ని నీళ్లు మనిషిని రానివ్వవని ఒప్పుకోవడం కూడా డైవింగ్ విజ్ఞానంలో భాగమే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. పై కోర్సు చేసేది శిక్షకుడి కళ్ల ముందు. కొత్త డైవర్ మరో కొత్త డైవర్‌తో కలిసి తిరగడం కన్నా శిక్షకుడితో ఇంకో ఐదు డైవ్‌లు చేయడం క్షేమం కాదా? ఆలస్యం చేస్తే తప్పుడు అలవాట్లు ముదిరిపోవా? ఈ వాదనలో నిజముంది, తోసిపుచ్చలేం. చూసే కన్ను పక్కన ఉండటం ఎప్పుడూ మేలే. అయితే ఆ మేలు శిక్షకుడి వల్ల వచ్చింది, 30 మీటర్ల లోతు వల్ల వచ్చింది కాదు. అదే శిక్షకుడితో 12 మీటర్ల దగ్గర రెండు రోజులు దిగి, ప్రతి డైవ్ తర్వాత తప్పులు చెప్పించుకుంటే తప్పుడు అలవాట్లు ముందే తెగిపోతాయి. బోయన్సీ మీద ప్రత్యేక కోర్సులున్నాయి. మొదటి కార్డు వెంటనే ఏదో ఒకటి చేయాలనుకునేవారికి అంతకన్నా మంచిది లేదు. అడ్వాన్స్‌డ్ కోర్సే చేయాల్సి వస్తే తప్పనిసరి డైవ్‌లు రెండూ పోగా మిగిలిన మూడింటిలో బోయన్సీని ఎంచుకోవాలి. కార్డు వచ్చాక కూడా మరో ఇరవై డైవ్‌ల దాకా గైడ్ లేకుండా లోతుకు పోకూడదని ముందే నిర్ణయించుకోవాలి. అలా చేసేవారి విషయంలో తొందరపాటు దోషం చాలావరకు పోతుంది.

రెండో అభ్యంతరం దూరానిది, డబ్బుది. సూరత్ నుంచి అండమాన్‌కు పదేపదే వెళ్లలేం, వెళ్లినప్పుడే అన్నీ ముగించుకుంటే ఖర్చు కలిసొస్తుంది కదా అంటారు. మధ్యతరగతి కుటుంబానికి ఇది చిన్న మాట కాదు. కానీ ఆ లెక్కలో కొన్ని అంశాలు జారిపోతున్నాయి. ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి డైవ్‌ల తర్వాత వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యుల సూచన. ఈ విరామం తీసేస్తే వారం సెలవులో మిగిలేవి కొద్ది రోజులే. రెండు కోర్సులను వాటిలో కుదిస్తే అలసిన శరీరంతో లోతు డైవ్ చేయాల్సి వస్తుంది. హడావుడిగా నేర్చుకున్నది ఏడాది విరామంలో కరిగిపోతే పెట్టిన డబ్బూ వృథాయే. గోవాలో గ్రాండే దీవి చుట్టూ, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి చుట్టూ 18 మీటర్ల లోపే చూడదగ్గవి ఎన్నో ఉన్నాయి. సూరత్ నుంచి ఆ ఊళ్ల వైపు కొంకణ్ దారిలో రైళ్లు ఉన్నాయి, విమాన విరామం బాధా ఉండదు. ఇకపోతే స్వరాజ్ ద్వీప్ దగ్గరి డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి చోట్లకు డైవ్ సెంటర్లు అడ్వాన్స్‌డ్ కార్డు అడుగుతాయి. ఆ యాత్ర టికెట్లు నిజంగా కొన్నవారికి అవసరమన్న షరతు తీరినట్టే. అప్పుడు మొదటి రెండు రోజులు తేలిక డైవ్‌లతో చేతులు సరిచేసుకుని ఆ కోర్సు మొదలుపెట్టడం సబబు.

అన్ని కోర్సులకూ ఒకే కొలత పనికిరాదు. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ గాలి మీద శిక్షణ రోజుకు మూడు నాలుగు డైవ్‌లు చేసే పడవ యాత్రలకు ముందు పనికొస్తుంది. నైట్రోజన్ తగ్గడం వల్ల నీటి కింద ఎక్కువసేపు ఉండవచ్చు కానీ ఆక్సిజన్ విషంగా మారకుండా లోతును 33 మీటర్ల దగ్గరే ఆపాలి. ఏడాదికి నాలుగు డైవ్‌లు చేసేవారికి దానితో పని లేదు. డైవ్‌మాస్టర్ శిక్షణ మొదలుపెట్టాలంటేనే ప్యాడీ 40 డైవ్‌లు, ముగించడానికి 60 డైవ్‌లు అడుగుతుంది. ఇతరుల ప్రాణాలకు పూచీపడే పని కాబట్టి ఆ సంఖ్యలను కూడా కనీసాలుగానే చూడాలి. ఆలస్యం చేయకూడనిది ఒక్కటే, రెస్క్యూ కోర్సు. అలసట, భయం, గాలి తరుగుదల లాంటివి ముదరకముందే తనలోనూ తోటి మనిషిలోనూ పసిగట్టడం అది నేర్పుతుంది. పైన చెప్పిన ప్రమాద అంకెలకు సూటిగా జవాబిచ్చే కోర్సు అదే. ప్యాడీలో దిక్సూచి డైవ్‌తో సహా అడ్వాన్స్‌డ్ స్థాయి డైవ్‌లు కనీసం మూడు చేస్తేనే దానికి అర్హత వస్తుంది. అందుకే అడ్వాన్స్‌డ్ కార్డును లోతుకు అనుమతిగా కన్నా రెస్క్యూకు దారిగా చూసేవారి ఆలోచన తెలివైనది.

సూరత్ డైవర్ ఏడాది ప్రణాళిక దీన్నిబట్టి ఇలా ఉండవచ్చు. వానాకాలమంతా ఈత కొలనులో ఒంటిని తయారుగా ఉంచుకోవాలి. మాస్క్, స్నార్కెల్‌తో ముఖం నీటిలో పెట్టి ప్రశాంతంగా ఊపిరి తీసే అలవాటు పోగొట్టుకోకూడదు. అక్టోబరు తర్వాతి తొలి యాత్రలో తొలి డైవ్‌ను శిక్షకుడి దగ్గర పునశ్చరణకే కేటాయించాలి. ఆపై నాలుగైదు తేలిక డైవ్‌లు చేసి గాలి ఖర్చు, లోతు, బరువులు, ఎదురైన ఇబ్బంది లాగ్‌బుక్‌లో నిజాయితీగా రాసుకోవాలి. రెండు మూడు యాత్రల రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే గాలి ఖర్చు తగ్గిందా, ఇబ్బందులు మారాయా అన్నది తేలిపోతుంది. చివరగా శిక్షకుడిని అడగాల్సిన ప్రశ్న కోర్సు ఎన్ని రోజులు, ఫీజు ఎంత అన్నవాటికన్నా ముందుండాలి: ‘నా డైవ్ చూశారు కదా, నేను సిద్ధంగా ఉన్నానా?’ తన ఆదాయం కోసం చూడకుండా ‘ఇంకా లేదు’ అని చెప్పే శిక్షకుడు దొరికితే అతన్ని వదులుకోకూడదు. డైవింగ్‌లో ప్రతి మనిషీ తోడు డైవర్‌కు రెండో గాలి వనరు. మన నైపుణ్యం మీద మరొకరి ప్రాణం ఆధారపడి ఉంటుంది. అందుకే పై శిక్షణకు ఎప్పుడు వెళ్లాలన్న నిర్ణయంలో మన ఉత్సాహంతోపాటు ఆ తోడు మనిషి భద్రతనూ తూచాలి. ఆ తూకంలో ఒక సీజన్ ఆలస్యమైనా నష్టం లేదు.